పది నిమిషాల నడక

కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయని మన పెద్దలు అన్నారు. కూర్చుని చదివితే ఏమవుతుందో మాత్రం వారు చెప్పలేదు. బహుశా చెప్పవలసిన అవసరం వారికి కలగలేదు. ఆనాటి విద్యార్థి బడికి నడిచి వెళ్ళేవాడు. ఇంటికి వచ్చి బావిలో నీళ్ళు తోడేవాడు, పశువులను తోలుకొని వచ్చేవాడు, చీకటి పడేదాకా చెడుగుడు ఆడేవాడు. అతని దినచర్యలో చదువు ఒక భాగమైతే కదలిక మరొక భాగం. నేటి ఇంటర్మీడియట్ విద్యార్థుల స్థితి ఇందుకు భిన్నమైనది. తెల్లవారుజామున స్టడీ అవరుతో మొదలై, రాత్రి మరొక స్టడీ అవరుతో ముగిసే రోజులో వారు బల్లకు అతుక్కొనే ఉంటారు. తరగతి గది నుంచి భోజనశాలకు, భోజనశాల నుంచి తరగతి గదికి నడిచే నాలుగడుగులే వారి వ్యాయామం.

ఇంతగా కూర్చుని చదివినా "చదివింది గుర్తుండటం లేదు" అన్న మాట ప్రతి కళాశాలలోనూ వినిపిస్తుంది. ఈ బాధకు మనం కనిపెట్టిన చికిత్స ఒక్కటే: మరికొంతసేపు కూర్చోబెట్టడం. పరీక్షలు దగ్గరపడే కొద్దీ ఆటల పీరియడును లెక్కలకో, రసాయనశాస్త్రానికో ఇచ్చివేస్తాం. ఈ పద్ధతి తలకిందులైనదని నా అభిప్రాయం. చదువుల నడుమ పది నిమిషాలు నడవడం, ఆడడం, మెట్లెక్కి దిగడం చదువుకు విఘాతం కాదు. అది చదువులోనే ఒక భాగం. ఈ మాటకు జతగా మరొక మాట కూడా చెప్పవలసి ఉంది. ఆ పది నిమిషాలు బాలురకు ఎంత అవసరమో బాలికలకూ అంతే అవసరం. అయితే కర్నూలు, కడప వంటి మెట్టప్రాంతాలలో ఆ కొద్దిపాటి కాలం కూడా బాలికలకు దక్కడం లేదు.

ధారణ అనే మాట రాయలసీమ వారికి కొత్తది కాదు. కడప జిల్లా ప్రొద్దుటూరు అవధానులకు పుట్టినిల్లు. గడియారం వేంకటశేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని జంటగా అవధానాలు చేసి ఆ ఊరికి కీర్తి తెచ్చారు. ఆ తరువాతి కాలంలో సి.వి. సుబ్బన్న శతావధాని అదే బాటలో నడిచారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి ప్రశ్నలు సంధిస్తారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చొప్పున చెప్పుకుంటూ పోతాడు. నడుమ అప్రస్తుత ప్రసంగం అడ్డు తగులుతుంది, గంటలు మోగుతాయి. అన్నీ ముగిసిన తరువాత, తాను ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నింటినీ వరుసగా అప్పగిస్తాడు. చూసేవారికి అది పుట్టుకతో అబ్బిన వరంగా తోస్తుంది. కాని ఏ అవధానిని అడిగినా అది సాధన ఫలమనే చెబుతాడు. జ్ఞాపకశక్తి కొందరికి మాత్రమే దక్కిన నిధి కాదు. అది మెదడు చేసే పని. ఆ పని సక్రమంగా సాగడానికి కొన్ని పరిస్థితులు కావాలి. వాటిలో శరీరపు కదలిక ఒకటి.

జ్ఞాపకం మూడు దశలలో ఏర్పడుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. మొదటిది గ్రహించడం, రెండవది నిలుపుకోవడం, మూడవది అవసరమైనప్పుడు వెలికితీయడం. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరచిపోతున్నాడో తనమీద తానే ప్రయోగం చేసుకున్నాడు. ఆ ఫలితాలను 1885లో ప్రకటించాడు. మరల నేర్చుకోవడానికి పట్టిన శ్రమను బట్టి లెక్కిస్తే, గంట గడిచేసరికి సగానికి పైగా, ఒక రోజు గడిచేసరికి దాదాపు మూడింట రెండు వంతులు చెరిగిపోయినట్లు తేలింది. 1900లో జర్మనీకే చెందిన మ్యూలర్, పిల్‌జెకర్ మరొక ముఖ్యమైన విషయాన్ని గుర్తించారు. నేర్చుకున్న క్షణంలోనే జ్ఞాపకం స్థిరపడదు; అది గట్టిపడటానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధిలో మరొక విషయాన్ని మీద పోస్తే మొదటిది దెబ్బతింటుంది.

కొత్తగా కట్టిన గోడకు మేస్త్రి కొన్నాళ్ళపాటు నీళ్ళు పెట్టిస్తాడు. గోడ లేచింది కదా అని వదిలివేయడు. నీళ్ళు పెట్టని గోడ చూడటానికి నిలిచే ఉంటుంది, కాని దానికి గట్టిదనం ఉండదు. ఒక పాఠం ముగిసిన వెంటనే మరొక పాఠాన్ని, దాని మీద ఇంకొక పాఠాన్ని పేర్చుకుంటూ పోయే మన చదువు, నీళ్ళు పెట్టని గోడ మీద మిద్దె వేయడం వంటిది. చదివిన తరువాతి కాలం కూడా చదువుకు చెందినదే అన్న సంగతిని మనం గుర్తించవలసి ఉంది.

ఆ కాలంలో శరీరం కదిలితే ఏం జరుగుతుంది? గుండె వేగం పెరుగుతుంది. మెదడుకు అందే రక్తం పెరుగుతుంది. నార్‌ఎడ్రినలిన్ వంటి రసాయనాలు విడుదలవుతాయి. ఇవి ఇప్పుడే అందిన విషయం ముఖ్యమైనదని మెదడుకు సూచన ఇచ్చినట్లు పనిచేస్తాయి. కణతల లోపలి వైపున హిప్పోకాంపస్ అనే భాగం ఉన్నది. సముద్రగుర్రం అనే చేపను పోలిన ఆకారం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. కొత్త జ్ఞాపకాలు రూపుదిద్దుకోవడంలో దాని పాత్ర ప్రధానమైనది. నాడీకణాల పెరుగుదలకు, వాటి నడుమ సంబంధాలు బలపడటానికి తోడ్పడే బి.డి.ఎన్.ఎఫ్. అనే ప్రోటీను, పరుగెత్తే ఎలుకల హిప్పోకాంపస్‌లో అధికమవుతున్నదని అమెరికాలో కార్ల్ కాట్‌మన్ బృందం 1995లో వెల్లడించింది. 2011లో వెలువడిన మరొక అమెరికన్ పరిశోధనలో 120 మంది వృద్ధులు పాల్గొన్నారు. వారిలో సగం మంది వారానికి మూడు రోజులు, రోజుకు నలభై నిమిషాల వరకు ఒక సంవత్సరం పాటు నడిచారు. తక్కినవారు ఒళ్ళు సాగదీసే తేలిక కసరత్తులు మాత్రమే చేశారు. నడిచినవారి హిప్పోకాంపస్ పరిమాణం దాదాపు 2 శాతం పెరిగింది. నడవనివారిలో అది 1.4 శాతం తగ్గింది. వయసుతో పాటు తరిగిపోయే భాగం నడకతో పెరగడం విశేషం.

సంవత్సరం పాటు నడవడం సరే, కొద్ది నిమిషాల కదలికకు ఫలితం ఉంటుందా అన్నది విద్యార్థులకు అసలైన ప్రశ్న. 2007లో జర్మనీలో 27 మంది యువకులపై జరిపిన ప్రయోగంలో, రెండు విడతలుగా మూడేసి నిమిషాలు వేగంగా పరుగెత్తిన తరువాత వారు కొత్త పదాలను 20 శాతం త్వరగా నేర్చుకోగలిగారు. 2012లో కాలిఫోర్నియాలో యాభై ఏళ్ళు దాటిన వారికి కొన్ని చిత్రాలు చూపించి, వెంటనే ఆరు నిమిషాల పాటు కదలని సైకిలు తొక్కించారు. గంట తరువాత అడిగినప్పుడు, తొక్కినవారు తొక్కనివారికన్నా ఎక్కువ చిత్రాలను గుర్తుచేసుకున్నారు. 2018లో జపాన్, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 36 మంది యువతీయువకులపై జరిపిన పరిశోధన మనకు మరింత ఉపయోగకరమైనది. పది నిమిషాల అతి తేలికైన వ్యాయామం, అంటే మెల్లగా నడిచినంత శ్రమ, ఒకదానినొకటి పోలిన చిత్రాలను వేరుపరచి గుర్తుంచుకొనే సామర్థ్యాన్ని పెంచింది. చెమట పట్టవలసిన పని లేదు, రొప్పవలసిన పని లేదు. ఒకే విధంగా కనిపించే రెండు సూత్రాలను, రెండు నిర్వచనాలను తారుమారు చేసి మార్కులు పోగొట్టుకొనే విద్యార్థులకు ఇది ఆలోచించదగిన విషయం.

ఎప్పుడు కదలాలి అన్న విషయంలో మాత్రం ఫలితాలు ఒకే దిశలో లేవు. 2016లో నెదర్లాండ్స్‌లో 72 మందికి 90 చిత్రాలను, వాటి స్థానాలను నేర్పి, వారిని మూడు జట్లుగా విభజించారు. ఒక జట్టు వెంటనే వ్యాయామం చేసింది. రెండవది నాలుగు గంటల తరువాత చేసింది. మూడవది చేయనే లేదు. రెండు రోజుల తరువాత పరీక్షిస్తే, నాలుగు గంటలు ఆగి చేసిన జట్టుకే ఎక్కువ జ్ఞాపకం ఉంది. ఇందువల్ల ఒక్కటి స్పష్టమవుతున్నది. ఉదయం చదివిన పాఠాన్ని సాయంకాలపు ఆట చెరిపివేస్తుందన్న మన భయానికి ఆధారం లేదు. ఆ ఆటే పాఠాన్ని నిలబెట్టవచ్చు.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ ఫలితాలు అందరికీ సమానంగా వర్తిస్తాయా? 2007 నాటి జర్మన్ ప్రయోగంలో పాల్గొన్న 27 మందీ పురుషులే. ఇది ఆ ఒక్క ప్రయోగంలోని లోపం కాదు. నాడీశాస్త్రంలో జంతువులపై జరిగిన పరిశోధనలను లెక్కించిన ఇద్దరు శాస్త్రవేత్తలు, ఆడ జంతువులపై మాత్రమే జరిగినది ఒకటి ఉంటే, మగ జంతువులపై మాత్రమే జరిగినవి అయిదుకు పైగా ఉన్నాయని 2011లో చూపించారు. స్త్రీల శరీరంలో నెలనెలా హార్మోన్లు మారుతుంటాయి కనుక ఫలితాలు గజిబిజి అవుతాయని పరిశోధకులు వారిని దూరంగా ఉంచారు. పురుషులలో కనిపించినదే మనుషులందరి స్వభావమని ప్రకటించారు. ప్రపంచ జనాభాలో సగం మందిని పక్కనపెట్టి కనుగొన్న సత్యం సగం సత్యమే అవుతుంది.

ఆ మిగిలిన సగాన్ని కూడా చూసినప్పుడు విశేషాలు బయటపడ్డాయి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవెన్ మోస్ట్, ఆయన సహచరులు 2017లో ఒక పరిశోధనను ప్రచురించారు. యువతీయువకులకు కొన్ని ముఖాలను, వాటికి జతగా పేర్లను నేర్పారు. నేర్పిన వెంటనే కొందరిచేత అయిదు నిమిషాలు మెట్టు ఎక్కి దిగే తేలికపాటి వ్యాయామం చేయించారు. తక్కిన వారిని వ్యాయామం లేకుండా ఉంచారు. తరువాత పరీక్షించగా, వ్యాయామం చేసిన యువతులు చేయనివారికంటే ఎక్కువ పేర్లను గుర్తుచేసుకున్నారు. యువకులలో అటువంటి మేలు కనిపించలేదు. అదే సంవత్సరం కెనడాలో, అంతకుముందు జరిగిన అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడు, స్త్రీలు ఎక్కువగా పాల్గొన్న వాటిలో వ్యాయామం వల్ల వృద్ధుల ఆలోచనా సామర్థ్యానికి కలిగిన మేలు అధికంగా ఉన్నట్లు తేలింది.

ఈ భేదానికి కారణమేమిటి? ఈస్ట్రోజెన్ అనే హార్మోను హిప్పోకాంపస్‌పై నేరుగా ప్రభావం చూపుతుంది. ఆడ ఎలుకలలో నాలుగైదు రోజుల ఋతుచక్రంతో పాటు హిప్పోకాంపస్ నాడీకణాల మీది సూక్ష్మమైన మొలకలు పెరుగుతూ తరుగుతూ ఉంటాయని 1990లో న్యూయార్కు శాస్త్రవేత్తలు చూపించారు. వ్యాయామం, హార్మోను కలిసి పనిచేయడం ఒక కారణం కావచ్చు. అదే అయిదు నిమిషాల శ్రమ అందరి శరీరాలకూ ఒకే మోతాదు కాకపోవడం మరొక కారణం కావచ్చు. అయితే ఒక జాగ్రత్త అవసరం. ఇవి సగటుల మాటలు. వ్యాయామం స్త్రీలకే పనిచేస్తుందని గాని, పురుషులకు దండగ అని గాని ఇందులోనుంచి సారం తీయరాదు. పురుషులలో మేలు చూపిన పరిశోధనలను ఇంతకుముందే చూశాం. ఇందులోనుంచి మనం గ్రహించదగినది ఒక్కటే. కదలిక వల్ల చదువుకు కలిగే లాభంలో బాలికల వాటా చిన్నదని చెప్పడానికి ఏ శాస్త్రాధారమూ లేదు. ఉన్న ఆధారం అందుకు ఎదురుగా ఉంది.

మరి మన ఊళ్ళలో ఆ వాటా ఎవరికి అందుతున్నది? సాయంకాలం కర్నూలులోగాని, ప్రొద్దుటూరులోగాని, ఆదోనిలోగాని ఏ ఖాళీ స్థలాన్ని చూసినా మగపిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. బీడు పడిన చేను వారికి మైదానం, కె.సి. కాలువ వారికి ఈతకొలను. పదో తరగతి దాటిన బాలికలు అక్కడ కనిపించరు. చిన్నతనంలో తొక్కుడుబిళ్ళ, తాడాట, చెమ్మచెక్క ఆడిన పిల్లలే అప్పటికి గడప లోపలివారు అవుతారు. కళాశాల మైదానం ఉన్నా అది పేరుకు అందరిది, వాడుకకు అబ్బాయిలది. ఇది మన ప్రాంతానికే పరిమితమైన దోషం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకుల లెక్క ప్రకారం 2016లో 11 నుంచి 17 ఏళ్ళ లోపు వారిలో తగినంత శారీరక శ్రమ లేనివారు బాలురలో 78 శాతం, బాలికలలో 85 శాతం. భారతదేశంలోని పెద్దవారిలో ఈ అంతరం ఇంకా పెద్దది. 2022లో పురుషులలో దాదాపు 42 శాతం, స్త్రీలలో దాదాపు 57 శాతం మందికి తగినంత కదలిక లేదని అంచనా వేశారు.

"ఆడపిల్లలు ఇంటిపని చేస్తారు కదా, అంతకు మించిన వ్యాయామం ఏముంది?" అని కొందరు అంటారు. ఈ వాదంలో పొరపాటు ఉంది. వ్యాయామం మనం కోరి, మన శక్తికి తగినంతగా, మనసు తేలికపడేటట్లు చేసేది. చాకిరీ మనం కోరినా కోరకపోయినా, శక్తి ఉన్నా లేకపోయినా చేయవలసినది. తెల్లవారి నీటికుళాయి దగ్గర వరుసలో నిలబడి బిందెలు మోసి, అంట్లు తోమి, ఆదరాబాదరాగా కళాశాలకు వచ్చిన అమ్మాయికి తరగతిలో కళ్ళు మూతలు పడితే, అది వ్యాయామ ఫలం కాదు, అలసట. కర్నూలు పశ్చిమ భాగాన కోసిగి, మంత్రాలయం, పత్తికొండ ప్రాంతాలలో వానలు ముఖం చాటేసిన ఏడు కుటుంబాలకు కుటుంబాలే మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోతాయి. పిల్లలూ వెంట వెళతారు. పగలంతా చేలో వంగి కాయలు కోసే పిల్లకు నడవమని సలహా చెప్పడం పరిహాసమే అవుతుంది. ఆ పిల్లకు ముందుగా కావలసినది తిండి, విశ్రాంతి, మానకుండా బడికి వెళ్ళే అవకాశం. 2011 జనాభా లెక్కలనాటికి ఉమ్మడి కర్నూలు జిల్లాలో స్త్రీలలో దాదాపు సగం మందికి చదవడం, రాయడం రాదన్న సంగతిని మరచి ఏ విద్యావిషయమూ మాట్లాడలేము.

ఆరోగ్యం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తంలో హిమోగ్లోబిన్ తక్కువైతే మెదడుకూ కండరాలకూ ప్రాణవాయువు చాలదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే అమ్మాయిని బద్ధకస్తురాలు అనడం అన్యాయం. ఆమెకు రక్తపరీక్ష చేయించాలి, ఇనుము మాత్రలు అందించాలి. రాగిసంగటి, జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర మన నేల ఇచ్చిన మంచి ఆహారమే. అవి ఆడపిల్ల కంచంలో చివరగా, కొసరుగా పడకుండా చూడాలి. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కళాశాలలలో డొక్కా సీతమ్మ పేరిట మధ్యాహ్న భోజన పథకం ప్రారంభం కావడం ఈ దృష్టితో చూసినప్పుడు హర్షించదగినది. కడుపు నిండిన తరువాతనే కాలు కదులుతుంది, కాలు కదిలిన తరువాతనే మనసు నిలుస్తుంది.

కదలికను, జ్ఞాపకాన్ని జోడించడం మన స్త్రీలకు కొత్త విద్య కాదు. తిరగలి తిప్పుతూ, రోకలి వేస్తూ, గొబ్బి తడుతూ, కోలాటం ఆడుతూ వారు పాడిన పాటలు ఎన్నో. అక్షరం రానివారు సైతం చాంతాడంత పాటను ఒక్క చరణం తప్పకుండా పాడేవారు. మగవారి చెక్కభజనలోనూ అంతే. రాయలసీమ పల్లెలలో చెక్కలు మోగిస్తూ, అడుగు మార్చుకుంటూ రాత్రంతా పాడే భజనపరుల చేతిలో పుస్తకం ఉండదు. రాగమూ లయా జ్ఞాపకానికి పట్టుకొమ్మలు అయిన మాట నిజమే. కాని వారు ఆ పాటలను కదలకుండా కూర్చుని నేర్చుకోలేదన్న మాట కూడా అంతే నిజం. చదువును బల్లకు కట్టివేసినది మనమే.

అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది కాలం. పది నిమిషాల చొప్పున రోజుకు మూడు సార్లు కదిలితే అరగంట అవుతుంది. పదహారు గంటల మెలకువలో అరగంట పెద్ద మూల్యం కాదు. రెండవది ఎండ. మార్చి దాటితే కర్నూలు, నంద్యాల, కడపలలో ఎండ నలభై డిగ్రీలు దాటడం మామూలే. మిట్టమధ్యాహ్నం మైదానంలో పరుగెత్తమని ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. ఉదయం ఎనిమిది లోపల, సాయంకాలం ఎండ చల్లబడిన తరువాత బయట నడవవచ్చు. పగటిపూట వరండాలో నడక చాలు, మెట్లు చాలు. పక్కన తాగునీటి కుండ ఉంటే చాలు. మూడవది మైదానం లేకపోవడం. ఇరుకు భవనాలలో నడిచే కళాశాలలు అనేకం ఉన్న మాట వాస్తవం. కాని పైన చెప్పిన ప్రయోగాలలో ఒక్కదానికైనా మైదానం అవసరమైనదా? ఒక మెట్టు, ఒక సైకిలు, కొంత నడవ సరిపోయాయి. నాల్గవ అభ్యంతరం పైకి చెప్పనిది: ఆడపిల్లలు ఆడితే నలుగురూ ఏమనుకుంటారో అన్నది. దీనికి జవాబు కడప జిల్లా నుంచే వచ్చింది. ఈ జిల్లా అమ్మాయి నల్లపురెడ్డి శ్రీచరణి 2025 మహిళల ప్రపంచ కప్ క్రికెట్‌లో 14 వికెట్లు తీసి, భారత జట్టు మొదటిసారి ఆ కప్పును గెలవడంలో పాలుపంచుకొన్నది. ప్రతి అమ్మాయీ శ్రీచరణి కానక్కరలేదు. ప్రతి అమ్మాయికీ పది నిమిషాలు స్వేచ్ఛగా నడిచే చోటు ఉంటే చాలు.

వ్యాయామాన్ని సర్వరోగనివారిణిగా చూపడం నా ఉద్దేశం కాదు. అర్థం కాని పాఠాన్ని ఎంత నడిచినా గుర్తుంచుకోలేము. నిద్రను దొంగిలించి చదివిన చదువును ఏ పరుగూ కాపాడలేదు. నేర్చుకున్న తరువాత పది నిమిషాలు కళ్ళు మూసుకొని నిశ్శబ్దంగా కూర్చున్నా జ్ఞాపకం మెరుగుపడుతుందని 2012లో స్కాట్లాండులో వృద్ధులపై జరిగిన పరిశోధన చెబుతున్నది. కాబట్టి కదలలేని స్థితిలో ఉన్నవారు, అస్వస్థతతో ఉన్నవారు, వికలాంగులు నిరాశపడనవసరం లేదు. పాఠానికీ పాఠానికీ నడుమ మెదడుకు ఒక సందు కావాలి. ఆ సందును సెల్‌ఫోనుతో నింపడంకన్నా నడకతో నింపడం మేలు.

ఈ మాటలను నమ్మమని నేను కోరడం లేదు, పరీక్షించి చూడమని కోరుతున్నాను. మీ తరగతిలోనే ఒక చిన్న ప్రయోగం చేయండి. ఇరవై కొత్త పదాలను, వాటి అర్థాలను అందరూ పావుగంట చదవండి. తరువాత చీట్లు వేసి తరగతిని రెండు జట్లుగా విభజించండి. ఎవరికి నచ్చిన జట్టులో వారు చేరితే ప్రయోగం చెడిపోతుంది. ఒక జట్టు పది నిమిషాలు వరండాలో నడవాలి, రెండవ జట్టు గదిలో కూర్చోవాలి. ఇద్దరూ పుస్తకం తెరవకూడదు. మరునాడు అందరూ ఆ అర్థాలను రాయండి. ఎవరు ఏ జట్టువారో తెలియని మిత్రుని చేత దిద్దించండి. బాలురకు, బాలికలకు వేరువేరుగా సగటు కట్టండి. వచ్చే వారం జట్లు మార్చి, కొత్త పదాలతో మరల చేయండి. ఒక్కసారి వచ్చిన ఫలితం కాకతాళీయం కావచ్చు. నాలుగైదు సార్లు చేస్తే కొంత స్పష్టత వస్తుంది. ఫలితం నా మాటకు ఎదురుగా వచ్చినా నష్టం లేదు. విన్నదానిని పరీక్షించి చూసే అలవాటు ఒకటి మీకు మిగులుతుంది.

కళాశాలలు చేయవలసిన పనులు కూడా పెద్దవేమీ కావు. ఆటల పీరియడును మరొక పాఠానికి ధారపోయకుండా ఉంచాలి. రెండు పీరియడ్ల నడుమ పది నిమిషాల విరామాన్ని కాలనిర్ణయ పట్టికలోనే రాయాలి. వారంలో కొన్ని సాయంకాలాలు మైదానాన్ని బాలికలకు ప్రత్యేకించాలి. అక్కడ మంచినీరు, మరుగుదొడ్డి, ఒక అధ్యాపకురాలి తోడు ఉండాలి. ఆటలో చురుకైన పదిమందికి శిక్షణ ఇచ్చి పతకాలు తేవడంతో ఫిజికల్ డైరెక్టర్ల బాధ్యత తీరిందని అనుకోకూడదు. ఆట రాని తక్కిన వందల మందినీ నడిపించడం కూడా వారి పనిలో భాగం కావాలి. తల్లిదండ్రులు సాయంకాలం కుమారుడు ఆటకు వెళ్ళినప్పుడు కుమార్తె చేతికి చీపురు ఇవ్వకుండా, ఇద్దరికీ ఇంటిపనినీ, ఆటనూ సమానంగా పంచాలి.

రాయలసీమ రైతుకు నీటి విలువ తెలుసు. ఒక్క పదును వాన పడితే, ఆ తేమ ఆరకముందే విత్తనం వేస్తాడు. అది గట్టు దాటిపోకుండా కాపాడుకుంటాడు. విద్యార్థి దశ కూడా అటువంటి పదునే. ఆ పదునులో వేసిన విత్తనం మొలకెత్తాలంటే నేలకు గాలి ఆడాలి. బిగుసుకుపోయిన నేలలో ఎంత మంచి విత్తనమైనా మురిగిపోతుంది. కనుక పుస్తకం మూసిన తరువాత ఒక్క పది నిమిషాలు లేచి నడవండి. అన్నను పిలిచినట్లే చెల్లెలినీ ఆ నడకకు పిలవండి.